ఈత ఎప్పుడు మొదలుపెట్టాలి: పుట్టినరోజు ఒక్కటే చూస్తే సరిపోదు

పిల్లలకు ఈత ఎన్నో ఏట నేర్పించాలి అని అడిగేవారికి సాధారణంగా ఒక అంకె కావాలి. ఆ అంకె చెప్పడం కష్టమేమీ కాదు. ఏడాది నిండిన తరువాత తల్లితోనో తండ్రితోనో కలిసి నీళ్లలోకి దిగే తరగతులు, నాలుగేళ్లు నిండాక కోచ్ దగ్గర అసలైన శిక్షణ: చాలామంది పిల్లల విషయంలో ఈ సమాధానం సరిపోతుంది. అయితే ఒకే వయసున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి వచ్చే వారమే మొదలుపెట్టవలసిన అవసరం ఉండవచ్చు, మరొకరికి ఏడాది ఆగినా నష్టం లేకపోవచ్చు. ఇంటికి నీరు ఎంత దగ్గరలో ఉంది, నీటిని చూసినప్పుడు బిడ్డ ఏం చేస్తుంది, నేర్పేవారు ఎలాంటివారు, మొదలుపెట్టిన దాన్ని మనం ఎంతకాలం కొనసాగించగలం అన్నవే ఆ తేడాను నిర్ణయిస్తాయి. నా దృష్టిలో వీటిలో చివరిదే అందరూ తక్కువగా ఆలోచించేది.

ఈత నేర్పించడం అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది నీటి అలవాటు: ముఖం మీద నీళ్లు పడితే ఉలిక్కిపడకపోవడం, నోటితో బుడగలు ఊదడం, పెద్దవారి చేతుల మీద వెల్లకిలా పడుకుని చెవులు మునిగినా కంగారుపడకపోవడం. రెండవది ప్రాణం కాపాడుకునే నేర్పు: పొరపాటున నీళ్లలో పడితే పైకి తేలి, ఊపిరి పీల్చుకుని, గట్టు ఎటు ఉందో చూసుకుని, అక్కడికి చేరి, పైకి ఎక్కడం. మూడవది ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్ వంటి ఈత రీతులు, అంటే చేతులూ కాళ్లూ ఊపిరీ ఒకే లయలో సాగవలసినవి. మొదటిది ఏడాది దాటిన బిడ్డకు కూడా పట్టుబడుతుంది. రెండవదానిలో కొంత మూడేళ్లకే వచ్చినా, మొత్తం కుదిరేది సాధారణంగా ఐదారేళ్ల తరువాతే. మూడవది పూర్తిగా కుదరడం ఇంకా ఆలస్యం. తల్లిదండ్రులు మూడవదాన్ని మనసులో ఉంచుకుని రెండేళ్ల బిడ్డను తరగతిలో చేర్చి, ఆరు నెలలు గడిచాక ‘ఇంకా ఏమీ రాలేదు’ అని మానిపించడం తరచుగా జరిగే పొరపాటు. నిజానికి రావలసినది వచ్చే ఉంటుంది, దాన్ని వారు ఈతగా గుర్తించి ఉండరు. అందుచేత ఎప్పుడు అన్న ప్రశ్నకు ముందు దేనికి అన్న ప్రశ్న వేసుకోవడం మంచిది.

ఏడాది లోపు

పుట్టిన తరువాత కొన్ని నెలల వరకు శిశువు ముఖం నీటిలో మునిగితే గొంతు దానంతటదే మూసుకుంటుంది, గుండె వేగం తగ్గుతుంది, కాళ్లూ చేతులూ ఈదుతున్నట్టుగా కదులుతాయి. చూసేవారికి ఇది పుట్టుకతో వచ్చిన ఈతలాగే కనిపిస్తుంది. ఇది అసంకల్పిత చర్య మాత్రమే. ఆరు నెలలు దాటుతున్న కొద్దీ క్రమంగా తగ్గిపోతుంది. ముఖ్యంగా, తల పైకెత్తి ఊపిరి పీల్చుకోవడం అందులో భాగం కాదు, కాబట్టి అది ఎవరి ప్రాణాన్నీ నిలపదు. ఏడాది లోపు పిల్లలకు ఇచ్చే ఈత శిక్షణ మునిగిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తుందనడానికి ఆధారాలు లేవని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019లో స్పష్టంగా చెప్పింది.

పైగా ఈ వయసులో రెండు ఇబ్బందులు ఉన్నాయి. శిశువు బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందువల్ల ఒంట్లో వేడి త్వరగా పోతుంది. పోటీలు జరిగే కొలనుల నీరు 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. పెద్దవారు వ్యాయామం చేస్తూ ఈదడానికి అది హాయిగా ఉన్నా, కదలకుండా చేతుల్లో ఉండే పసిబిడ్డకు చల్లన. శిశువులకు 32 డిగ్రీలకు దగ్గరగా ఉన్న నీరు కావాలి. రెండవ ఇబ్బంది మింగే నీరు. పదేపదే ముంచితే శిశువు చాలా నీరు మింగవచ్చు, రక్తంలో సోడియం పలుచబడి మూర్ఛ వచ్చే స్థితి కూడా ఏర్పడవచ్చు. గోరువెచ్చని నీటిలో బిడ్డను ఎత్తుకుని కాసేపు ఆడించాలనిపిస్తే నిరభ్యంతరంగా ఆడించండి. దానిని శిక్షణగా మాత్రం లెక్కపెట్టకండి. పసిబిడ్డను ఉన్నట్టుండి నీళ్లలోకి వదిలి, ఏడుస్తూ వెల్లకిలా తేలడాన్ని విజయంగా చూపించే వీడియోలు తిరుగుతుంటాయి. అవి చూసి చేర్పించే తొందర అక్కరలేదన్నది నా నిశ్చితాభిప్రాయం.

ఏడాది నుంచి నాలుగేళ్ల వరకు

వైద్యుల సలహా ఎక్కువగా మారింది ఈ వయసు విషయంలోనే, అందుకే పెద్దలు చెప్పే మాటకూ ఇప్పటి మాటకూ పొంతన కుదరదు. నాలుగో పుట్టినరోజు దాటేవరకు చాలామంది పిల్లలు ఈత శిక్షణకు ఎదిగి ఉండరని అదే అకాడమీ 2000లో చెప్పింది. చిన్నప్పుడే తరగతులకు పంపితే బిడ్డకు నీటి భయం పోతుంది, తల్లిదండ్రులకు జాగ్రత్త పోతుంది, రెండూ కలిసి ప్రమాదం పెరుగుతుందేమో అన్నది అప్పటి అనుమానం. 2009లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం, ఏడాది నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లల్లో తరగతులకు వెళ్లినవారు నీట మునిగి చనిపోయే అవకాశం 88 శాతం తక్కువగా ఉన్నట్టు చూపింది. అందులో పరిశీలించిన పిల్లల సంఖ్య తక్కువ కాబట్టి 88 అన్న అంకెను అక్షరాలా పట్టుకోకూడదు. అయినా తరగతుల వల్ల ప్రమాదం పెరుగుతుందన్న భయానికి మాత్రం అది ఆధారం మిగల్చలేదు. 2010లో అకాడమీ తన మాటను సడలించింది, 2019 నాటికి చాలామంది పిల్లలకు ఏడాది నిండినప్పటి నుంచే తరగతులు మొదలుపెట్టవచ్చని సలహా ఇచ్చింది.

ఈ సలహాలో ‘చాలామంది’ అన్న మాటను దాటవేయకూడదు. ఏడాది బిడ్డలందరినీ చేర్పించి తీరాలని అది చెప్పడం లేదు. బిడ్డ ఎదుగుదల, ఆరోగ్యం, నీటికి ఎంత దగ్గరలో ఉంటుంది అన్నవి చూసుకుని వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకొమ్మంటోంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1990లలో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశీలనలో రెండేళ్లకు మొదలుపెట్టినవారు, మూడేళ్లకు మొదలుపెట్టినవారు, నాలుగేళ్లకు మొదలుపెట్టినవారు కూడా ఫ్రీస్టైల్ ఈదగలిగే స్థాయికి ఇంచుమించు ఒకే వయసులో, ఐదున్నరేళ్ల ప్రాంతంలో, చేరుకున్నారు. అంటే రెండేళ్ల బిడ్డ మిగతావారికంటే చాలా ఎక్కువ తరగతులకు వెళ్లి అదే చోటికి చేరుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఈత రీతుల విషయంలో అంతగా పనిచేయదు. ముందుగా మొదలుపెట్టడం వల్ల నీటితో పరిచయం, కాస్త భద్రత చేకూరుతాయి. ఛాంపియన్ కావడానికి దగ్గరి దారి ఏమీ దొరకదు.

కారణం చిన్నారి శరీరంలోనే ఉంది. ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువైనది. బోర్లా తేలుతున్నప్పుడు ఊపిరి కోసం ఆ తలను పైకెత్తడం రెండేళ్ల బిడ్డ మెడకు శ్రమ. కాళ్లు ఆడిస్తూ అదే సమయంలో చేతులు తిప్పుతూ మధ్యలో ఊపిరి కోసం పక్కకు తిరగడమంటే మూడు పనులను ఒకేసారి నడపడం. ఆ నేర్పు ఐదో ఏడు వచ్చేసరికి గానీ కుదురుకోదు. అందుకే ఈ వయసు తరగతిలో పాటలు, బొమ్మలు, గట్టు పట్టుకుని పక్కకు నడవడం, వెల్లకిలా తిరగడం వంటివి కనిపిస్తే డబ్బు వృథా అవుతోందని అనుకోకండి. ఆ వయసుకు తగిన పాఠం అదే.

నీరు ఎంత దూరంలో ఉంది

వయసు కంటే ముందు చూడవలసినది ఇది. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఇంచుమించు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు. ఇంత చిన్నపిల్లలు ఎక్కువగా ఈతకు వెళ్లి మునగరు. ఎవరూ ఈత గురించి ఆలోచించని వేళ, పెద్దవారు పనిలో ఉండగా, ఇంటికి దగ్గరలో ఉన్న నీటి వైపు నడిచి వెళతారు. అడుగున కొద్దిపాటి నీళ్లున్న బకెట్ కూడా, తలకిందులుగా పడి లేవలేని పసిబిడ్డకు ప్రాణాంతకం కాగలదు. మునుగుతున్న బిడ్డ కేకలు పెట్టదు, చేతులు ఊపి పిలవదు. నోరు నీటి మట్టానికి దిగి పైకి వస్తూ ఉండగా కేక వేయడానికి ఊపిరి ఉండదు. పక్క గదిలో ఉన్నవారికి కూడా ఏమీ వినపడదు.

కాబట్టి చెరువు, కాలువ, బావి, కొలను వంటివి బిడ్డ నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటే వరుస ఇలా ఉండాలి: ముందు అడ్డు, తరువాత కాపలా, ఆ తరువాత ఈత తరగతి. కొలను చుట్టూ నాలుగు వైపులా కనీసం 4 అడుగుల ఎత్తున, బిడ్డ ఎక్కడానికి ఆధారం దొరకని కంచె, దానంతటదే మూసుకుని గడియ పడే గేటు ఉండాలి. బావికి మూత కావాలి, తొట్లూ బకెట్లూ వాడగానే బోర్లించాలి. ఇవి లేకుండా తరగతిలో చేర్పించడం తలుపు తెరిచి ఉంచి తాళం కొనడంలాంటిది. ఇవి ఉన్న తరువాత, అలాంటి ఇంటి బిడ్డకు నాలుగేళ్లు వచ్చేదాకా ఆగవద్దనే నేను చెబుతాను. ఏడాదిన్నర, రెండేళ్ల నుంచే నీటి అలవాటు, వెల్లకిలా తిరిగి తేలడం, గట్టు పట్టుకోవడం నేర్పించడం మేలు. దగ్గరలో నీరే లేని ఇంట్లో, నీటి ప్రదేశాలకు అరుదుగా వెళ్లే కుటుంబంలో, నాలుగైదేళ్ల వరకు ఆగినా తప్పు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట చదివినవారికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు, ఎందుకంటే బడికి వెళ్లే వయసు పిల్లలకు, అంటే ఆరేళ్లు దాటినవారికి, ఈతా నీటి భద్రతా నేర్పించాలని ఆ సంస్థ చెబుతుంది. అంతకంటే చిన్నవారికి కంచెలు, పెద్దల సంరక్షణలో ఉండే శిశు కేంద్రాలు ముఖ్యమంటుంది. నేను అర్థం చేసుకున్నంతలో అకాడమీ సలహా, ఈ సంస్థ సలహా ఒకదానినొకటి కొట్టివేయవు. ఒకటి తల్లి చేతుల్లో ఉన్న ఒక బిడ్డ గురించిన మాట. రెండవది వేలాదిమంది పిల్లలకు ఒకే పద్ధతిలో నేర్పి, వారంతట వారు నీటిలో నిలదొక్కుకునేలా చేయగలిగే వయసు గురించిన మాట.

బిడ్డ స్వభావాన్ని కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోవాలి. నీటిని చూస్తే వెనక్కి తగ్గే బిడ్డను తొందరగా చేర్పించాలని, నీళ్లంటే ఎగిరి గంతేసే బిడ్డకు తొందర లేదని చాలామంది అనుకుంటారు. నిజం ఇందుకు విరుద్ధం. భయపడే బిడ్డ నీటి దగ్గరికి వెళ్లదు. దానికి నెమ్మదిగా నేర్పితే చాలు. భయమే తెలియని బిడ్డ మనం చూడని క్షణంలో దిగిపోతుంది, కాబట్టి ముందుగా మొదలుపెట్టవలసినది ఆ బిడ్డకే. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇల్లు దాటి నీటి వైపు వెళ్లే స్వభావం ఉంటుంది. వారికి తరగతి దొరకడం కష్టమైనా, విడిగా నేర్పే ఓపికగల కోచ్‌ను వెతికి వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి.

ఇంట్లోనే తెలుసుకోదగిన సంగతులు

బిడ్డ కోచ్ దగ్గర ఒంటరిగా నేర్చుకోవడానికి సిద్ధంగా ఉందో లేదో స్నానాల గదిలోనే చాలావరకు తెలుస్తుంది. తల మీద మగ్గుతో నీళ్లు పోస్తున్నప్పుడు ఊపిరి బిగబట్టి నోరు మూసుకుంటోందా, లేక నోరు తెరిచి అరుస్తూ నీళ్లు మింగుతోందా గమనించండి. మొదటి పని అలవాటైన బిడ్డకు కొలనులో సగం పాఠం అయిపోయినట్టే. ‘ఊదు’ అనగానే నీటిలో బుడగలు ఊదగలగడం ఇంకో గుర్తు. వీటికంటే ముఖ్యమైనవి నీటికి సంబంధం లేనివి: పరిచయం లేని పెద్దవారు చెప్పిన రెండు పనులను వరుసగా చేయగలదా, తన వంతు వచ్చేదాకా గట్టు పట్టుకుని అరనిమిషం ఆగగలదా, అమ్మానాన్నలు కనిపించకపోయినా అరగంట ఉండగలదా. ఆగమన్నచోట ఆగని బిడ్డను నలుగురైదుగురు పిల్లల తరగతిలో వేయడం ఆ బిడ్డకే కాదు, మిగతావారికీ ప్రమాదం. అలాంటప్పుడు మరో ఆరు నెలలు తల్లితోనో తండ్రితోనో కలిసి దిగే తరగతిలోనే ఉంచండి.

ఈ గుర్తులన్నీ నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య చాలామందిలో కలిసివస్తాయి, అందుకే అది శిక్షణకు అన్నిటికంటే అనువైన కాలం. మా ఇంట్లో పెద్దమ్మాయిని మూడేళ్లకే చేర్పించి ఏడాదంతా బతిమాలుతూ తిప్పాం. చిన్నవాడు ఐదేళ్లకు మొదలుపెట్టి కొద్ది నెలల్లోనే అక్కను అందుకున్నాడు. ఆ ఏడాది పూర్తిగా వృథా అయిందని అనను, కానీ పెద్దమ్మాయి విషయంలో తొందర పడింది మేమే, ఆ అమ్మాయి కాదు.

ఎనిమిది, పదేళ్లు దాటినవారికి ఆలస్యమైపోయిందని అనుకోనక్కరలేదు. బలం, అవగాహన ఉండడం వల్ల వారు చిన్నవారికంటే వేగంగా నేర్చుకుంటారు, అడ్డొచ్చేది సిగ్గు. ఐదేళ్ల పిల్లల మధ్య పన్నెండేళ్ల అబ్బాయిని నిలబెడితే నాలుగో రోజుకు రానంటాడు. తోటి వయసువారితో గానీ విడిగా గానీ నేర్పే చోటు చూడాలి. పెద్దవారు కూడా ఏ వయసులోనైనా నేర్చుకోవచ్చు. బిడ్డను చేర్పించే తల్లికో తండ్రికో ఈత రాకపోతే అదే కొలనులో వారూ పేరు రాయించుకోవడం నేను ఇచ్చే సలహాల్లో అన్నిటికంటే ఉపయోగపడేది, అందరూ తప్పించుకునేది కూడా.

వైద్యుని అడగవలసిన సందర్భాలు

ఉబ్బసం ఉన్న పిల్లలకు ఈత సాధారణంగా మంచిదే, ఎందుకంటే నీటి మట్టం దగ్గర గాలి తేమగా ఉంటుంది. ఇన్‌హేలర్ మాత్రం గట్టు మీదే ఉండాలి. క్లోరిన్ ఘాటు ఎక్కువగా ఉన్న మూసిన కొలనులో దగ్గు పెరిగితే చోటు మార్చండి. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి నీటిలో ప్రమాదం మిగతావారికంటే ఎంతో ఎక్కువ కాబట్టి, మందులతో మూర్ఛలు అదుపులోకి వచ్చిన తరువాత, బిడ్డ ఒక్కదానినే చూసే పెద్దవారు పక్కన ఉండగానే మొదలుపెట్టాలి. కారణం తెలియకుండా స్పృహ తప్పిన బిడ్డ, దగ్గరి బంధువుల్లో ఎవరైనా చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయిన కుటుంబంలోని బిడ్డ ముందుగా గుండె పరీక్ష చేయించుకోవడం అవసరం. లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అనే గుండె లయ లోపంలో ఒక రకానికి ఈతే ప్రేరణ కాగలదు. చెవిలో గొట్టం వేయించుకున్నవారు, చెవిపోటు తరచుగా వచ్చేవారు చెవి వైద్యుని మాట వినాలి.

విరేచనాలు అవుతున్న బిడ్డను ఎట్టి పరిస్థితిలోనూ కొలనుకు తీసుకువెళ్లకూడదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరిగ్గా క్లోరిన్ కలిపిన నీటిలో కూడా వారానికి పైగా బతుకుతుంది. ఆ జబ్బు వచ్చిందని తేలితే విరేచనాలు ఆగిన తరువాత కూడా రెండు వారాలు దూరంగా ఉండాలి. ఈత డైపర్ వేస్తే సరిపోతుందన్నది అపోహ.

చేర్పించే ముందు ఒక రోజు గట్టున కూర్చోండి

మంచి కోచ్ ఇప్పుడు దొరక్కపోతే ఆరు నెలలు ఆగడం సరైన నిర్ణయమే. బిడ్డను తీసుకువెళ్లకుండా మీరు ఒక్కరే వెళ్లి, మీ బిడ్డ వయసు పిల్లల తరగతి మొదటి నుంచి చివరిదాకా చూడండి. కోచ్ నీటిలో ఉన్నాడా, గట్టు మీద ఈల పట్టుకుని నిలబడ్డాడా? ఐదేళ్లలోపు పిల్లలకు కోచ్ నీటిలోనే ఉండాలి, ఒక్కొక్కరి దగ్గర నలుగురికి మించి పిల్లలు ఉండకపోవడం నాకు సబబుగా తోస్తుంది. కోచ్ ఒక బిడ్డను పట్టుకున్నప్పుడు మిగతా ముగ్గురు ఎక్కడ ఉన్నారో గమనించండి. గట్టు మీదనో మెట్టు మీదనో నిలబడి ఉంటే మంచిది, నేల అందని చోట తాడు పట్టుకుని వేలాడుతుంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నేర్పే పని లేకుండా నీటిని మాత్రమే చూస్తూ ఉండే లైఫ్‌గార్డ్ వేరుగా ఉన్నాడా అన్నదీ ముఖ్యమే.

పాఠం ఏ వరుసలో సాగుతోందో చూడండి. తేలడం, తిరగడం, గట్టు చేరడం, ఎక్కడం మొదట వస్తే ఆ కోచ్‌కు తన పని తెలుసు. మొదటి రోజు నుంచే చేతులు తిప్పించి కొలను ఒక చివర నుంచి మరో చివరికి వరుసలు కొట్టిస్తుంటే, చూసే తల్లిదండ్రుల సంతోషం కోసం నేర్పుతున్నారని అర్థం. ఏడుస్తున్న బిడ్డ తలను బలవంతంగా ముంచడం కనిపిస్తే ఇక ఆలోచించవలసింది లేదు. గాలి ఊదిన చేతి పట్టీలు వేసి వదిలేసే పద్ధతి కూడా నాకు నచ్చదు. అవి బిడ్డను నీటిలో నిలువుగా ఉంచుతాయి, ఈదడానికి కావలసినది అడ్డంగా పడుకున్న భంగిమ. పైగా తాను తేలగలనని బిడ్డ నమ్ముతుంది, ఒకనాడు పట్టీలు లేకుండా దూకుతుంది. పడవలో వేసుకునే లైఫ్ జాకెట్ సంగతి వేరు, అది ప్రాణరక్షణకు కావలసినదే.

నీటి విషయానికి వస్తే, లోతైన చోట అడుగున ఉన్న గీతలు స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే మునిగిన బిడ్డ కూడా కనిపించదు. ఘాటైన క్లోరిన్ వాసన వస్తే నీరు శుభ్రంగా ఉందనుకోవడం సరికాదు, ఎందుకంటే ఆ ఘాటు క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిసినప్పుడు పుట్టే పదార్థాలది. నిర్వాహకులను అడిగితే ఆనాటి కొలతలు చెప్పగలగాలి: క్లోరిన్ కనీసం 1 పీపీఎం (పది లక్షల భాగాల నీటిలో ఒక భాగం), నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య.

మొదటి నెల, ఆ తరువాత

కొత్త బడి, తమ్ముడో చెల్లెలో పుట్టడం, ఇల్లు మారడం వంటివాటికి అటూ ఇటూ రెండు నెలలు వదిలి తేదీ పెట్టుకోండి. నిద్రవేళకు ముందు, కడుపునిండా తిన్న వెంటనే తరగతి ఉండకూడదు. నాలుగేళ్లలోపు వారికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు చాలు; పెదవులు నీలబడుతూ వణుకుతుంటే సమయం మిగిలి ఉన్నా బయటికి తీసుకురావాలి. వారానికి రెండుసార్లు చొప్పున ఆగకుండా ఆరు నెలలు సాగగలదనుకున్నప్పుడే మొదలుపెట్టడం మేలు. చిన్నపిల్లలు నేర్చినది త్వరగా మరిచిపోతారు, ఆరు వారాలు నడిచి నాలుగు నెలలు ఆగే శిక్షణ ప్రతిసారీ మొదటికి వస్తుంది. ఐదేళ్లు దాటినవారికి మాత్రం రెండు మూడు వారాలు రోజూ సాగే శిబిరం కూడా బాగా పనిచేస్తుంది, ఆ తరువాత వారానికి ఒక్కసారైనా నీళ్లలోకి దిగుతూ ఉంటే.

మొదటి రోజుల్లో ఏడుపు సహజం. నీటిలోకి దిగేటప్పుడు ఏడ్చి, పది నిమిషాల్లో సర్దుకుని, బయటికి వచ్చాక నవ్వే బిడ్డను మానిపించకండి. మూడు నాలుగు తరగతుల తరువాత ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంటే, ఇంట్లో స్నానానికి కూడా భయపడుతుంటే, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే ఆపండి. రెండు మూడు నెలలు స్నానాల గదిలో ఆటలకే పరిమితమై, వేరే కోచ్ దగ్గర మళ్లీ ప్రయత్నించండి. ఆ విరామాన్ని ఓటమిగా బిడ్డ ముందు మాట్లాడవద్దు.

తరగతులు సాగుతున్నంతకాలమూ, ఆ తరువాత కూడా, చిన్నపిల్లలు నీటిలో ఉంటే చేయి చాస్తే అందే దూరంలో ఒక పెద్దవారు ఉండాలి. ఆ సమయంలో ఫోన్ చేతిలో ఉండకూడదు. పదిమంది పెద్దలు ఉన్నచోట అందరూ చూస్తున్నారనుకుని ఎవరూ చూడకపోవడమే ఎక్కువగా జరుగుతుంది, కాబట్టి ఇప్పుడు చూసే బాధ్యత ఎవరిదో పేరుపెట్టి చెప్పుకోండి.

ఎప్పుడు మానిపించవచ్చు అన్నది మొదలుపెట్టేనాడే అనుకుని ఉండడం మంచిది. వరుసలు కొట్టగలగడం అందుకు కొలమానం కాదు. అమెరికన్ రెడ్ క్రాస్ చెప్పే ఐదు పనులు నాకు సరైన కొలతగా కనిపిస్తాయి: తల మునిగే లోతులోకి దూకి పైకి రావడం, ఒక నిమిషం పాటు తేలడం లేదా కాళ్లూ చేతులూ ఆడిస్తూ తల పైన నిలుపుకోవడం, గుండ్రంగా తిరిగి బయటపడే దారి వెతుక్కోవడం, దాదాపు 23 మీటర్లు ఈదడం, నిచ్చెన లేకుండా గట్టు ఎక్కడం. ఇవి ఈత కళ్లద్దాలు లేకుండా కూడా చేయగలగాలి. నెదర్లాండ్స్‌లో పిల్లలు మొదటి ఈత పత్రం అందుకోవడానికి బట్టలు వేసుకుని కూడా ఈదుతారు, ఎందుకంటే ప్రమాదవశాత్తు పడే బిడ్డ ఒంటి మీద ఈత దుస్తులు ఉండవు. మీ కోచ్ అలా చేయించకపోతే, చివరి తరగతుల్లో ఒకరోజు మామూలు చొక్కా, నిక్కరు తీసుకువెళ్లి చేయించమని అడగండి. తడిసిన బట్టల బరువుతో గట్టు ఎక్కలేకపోతే ఇంకొన్ని తరగతులు కొనసాగించండి. ఎక్కగలిగితే ఆపి, ఏడాది తిరిగాక అదే పరీక్ష మళ్లీ పెట్టించండి.